మెయిల్ సర్వర్ రివర్స్ డీఎన్ఎస్: అడగాల్సింది ఎవరిని, ఎలా?

కొత్తగా సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఒకే చోట బండి ఆగిపోతుంది. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే ఏర్పాట్లన్నీ ఉంటాయి: ఎస్పీఎఫ్ సరిగ్గానే ఉంటుంది, డీకిమ్ సంతకం పడుతూ ఉంటుంది, డీమార్క్ కూడా పెట్టి ఉంటారు. అయినా జీమెయిల్‌కు పంపిన మెయిల్ నిమిషం తిరక్కుండా వెనక్కి వచ్చేస్తుంది. బౌన్స్ మెసేజ్‌లో 550 అనే కోడ్, పక్కనే 5.7.25 కనిపిస్తాయి. ఈ ఐపీ అడ్రస్‌కు పీటీఆర్ రికార్డు (అడ్రస్ ఇస్తే పేరు చెప్పే రివర్స్ డీఎన్ఎస్ రికార్డు) లేదు, ఉన్నా అందులోని పేరు తిరిగి ఇదే అడ్రస్‌కు రావడం లేదు అని దాని సారాంశం. అదెంత పని అనుకుని డొమైన్ కొన్న చోట కంట్రోల్ ప్యానెల్ తెరిచి, ఒక పీటీఆర్ రికార్డు చేర్చి, మర్నాడు మళ్లీ పంపుతారు. మళ్లీ అదే బౌన్స్.

ఆ ప్యానెల్లో ఎన్ని తిప్పలు పడ్డా లాభం లేదు. డొమైన్ సొంతమే కానీ ఐపీ అడ్రస్ సొంతం కాదు. పేరు ఇస్తే అడ్రస్ చెప్పే రికార్డు డొమైన్ యజమాని చేతిలో ఉంటుంది. అడ్రస్ ఇస్తే పేరు చెప్పే రికార్డు మాత్రం ఆ అడ్రస్ ఎవరి ఖాతాలో ఉందో వాళ్ల చేతిలో ఉంటుంది. అద్దె ఇంటి గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్ని అడగాల్సిందే, ఇదీ అంతే. ఆ ఓనర్ చాలా సందర్భాల్లో ఇంటర్నెట్ ప్రొవైడర్. అక్కడి నుంచి ఇది సాంకేతిక సమస్యగా కంటే ఎవరిని, ఏమని అడగాలనే సమస్యగానే ఎక్కువ మిగులుతుంది.

రివర్స్ డీఎన్ఎస్ పనిచేసే తీరు ఒకసారి దగ్గర నుంచి చూస్తే ఈ అధికారం ప్రొవైడర్‌కు ఎలా వచ్చిందో తెలుస్తుంది. ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన అడ్రస్‌లలో 203.0.113.25 ఒకటి, దాన్నే తీసుకుందాం. దీని పేరు కనుక్కోవాలంటే అంకెల గుంపులను తిరగేసి, చివర ఒక ప్రత్యేక డొమైన్ తగిలించి, 25.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అని అడగాలి. 1987లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 1035 నుంచీ పద్ధతి ఇదే. తిరగేయడం ఎందుకంటే, డొమైన్ పేర్లలో పెద్ద భాగం కుడివైపు ఉంటుంది, ఐపీ అడ్రస్‌లో పెద్ద భాగం ఎడమవైపు ఉంటుంది. అలా తిరగేస్తే అడ్రస్‌ల పంపకం ఏ వరుసలో జరిగిందో పేర్ల అధికారం కూడా అదే వరుసలో కిందికి దిగుతుంది. ప్రపంచమంతటికీ అడ్రస్‌లు పంచే ఐయానా నుంచి ఐదు ప్రాంతీయ రిజిస్ట్రీలకు (ఆరిన్, రైప్ ఎన్‌సీసీ, ఏపీనిక్, లాక్‌నిక్, ఆఫ్రినిక్), వాటి నుంచి ప్రొవైడర్‌కు. 113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అనే జోన్‌కు (ఒకరి అధికారం కింద ఉండే పేర్ల గుంపుకు) ఫలానా నేమ్ సర్వర్లు (డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబిచ్చే సర్వర్లు) జవాబు చెబుతాయని రిజిస్ట్రీ రాసిపెడుతుంది. మామూలుగా ఆ నేమ్ సర్వర్లు ప్రొవైడర్‌వే. డొమైన్ ప్యానెల్లో చేర్చిన పీటీఆర్‌ను లోకంలో ఎవరూ చూడకపోవడానికి కారణం ఇదే. అటువైపు దారి చూపించే రికార్డు ఎక్కడా లేదు.

మెయిల్ అందుకునే సర్వర్ దీన్ని వాడే పద్ధతి కూడా తేలికే. కనెక్షన్ రాగానే దానికి ఖాయంగా తెలిసింది ఐపీ అడ్రస్ ఒక్కటే. ముందు పీటీఆర్ అడిగి పేరు తెలుసుకుంటుంది. ఆ పేరుకు ‘ఏ’ (A) రికార్డు, అంటే పేరు ఇస్తే అడ్రస్ చెప్పే రికార్డు అడిగి, వచ్చిన అడ్రస్ ఇందాకటి అడ్రసేనా కాదా అని చూస్తుంది. రెండూ కలిస్తే సరే. మొదటి అడుగు ప్రొవైడర్ సహకారం లేకుండా పడదు, రెండోది డొమైన్ యజమాని ఒప్పుకోకుండా పడదు. ఇద్దరూ ఒకే మాట చెప్పారా లేదా అన్నదే ఈ పరీక్ష. దీన్ని ఎఫ్‌సీఆర్‌డీఎన్ఎస్ అంటారు. పోస్ట్‌ఫిక్స్ లాంటి మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ కలవకపోతే లాగ్‌లో పేరు ఉండాల్సిన చోట ‘అన్‌నోన్’ అని పడుతుంది. అలాంటి కనెక్షన్లను గుమ్మం దగ్గరే ఆపేయమని సెట్ చేసుకునే వీలూ ఉంది. కొందరు పీటీఆర్ ఉంటే చాలంటారు, కొందరు రెండు వైపులా కలవాల్సిందే అంటారు.

ఇంత చిన్న విషయానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? స్పామ్‌లో పెద్ద వాటా ఒకప్పుడు వైరస్ సోకిన ఇంటి కంప్యూటర్ల నుంచే వచ్చేది. వాటి అడ్రస్‌లకు పీటీఆర్ ఉండేది కాదు, ఉన్నా అడ్రస్ అంకెలనే గుదిగుచ్చిన పేరేదో ఉండేది, మధ్యలో ‘డైనమిక్’ అనో ‘పూల్’ అనో ఒక మాటతో. మెయిల్ అందుకునేవాళ్లకు అదే పెద్ద గుర్తుగా పనికొచ్చింది. నిజమైన మెయిల్ సర్వర్ నడిపేవాళ్లు ప్రొవైడర్‌ను అడిగి పేరు పెట్టించుకుంటారు, వైరస్ సోకిన కంప్యూటర్ యజమానికి అసలు సంగతే తెలియదు. అంటే పీటీఆర్ పెట్టడం ద్వారా ప్రొవైడర్ ఒక మాట ఇస్తున్నట్టే: ఈ అడ్రస్‌ను సర్వర్ కోసమే ఇచ్చాం, కస్టమర్ ఎవరో మాకు తెలుసు. అలాగని పీటీఆర్ ఉన్నంత మాత్రాన పంపేవాళ్లు మంచివాళ్లని కాదు. సర్వర్ అద్దెకు తీసుకునే స్పామర్ కూడా దాన్ని చక్కగా పెట్టుకోగలడు. ఉంటే పెద్దగా కలిసొచ్చేది లేదు, లేకపోతే మాత్రం గట్టిగా దెబ్బ తగులుతుంది.

రూల్స్ ఏమంటున్నాయని చూస్తే కాస్త తమాషాగా ఉంటుంది. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5321, పంపే సర్వర్ తన పరిచయంలో చెప్పుకున్న పేరు దాని ఐపీతో కలవలేదన్న ఒక్క కారణంతో మెయిల్ తిప్పి పంపకూడదని స్పష్టంగా చెబుతుంది. అదే డాక్యుమెంట్ మరోచోట, తన నిర్వహణకు సబబు అనిపించే ఏ కారణంతోనైనా మెయిల్ తీసుకోకుండా ఉండే స్వేచ్ఛ సర్వర్‌కు ఉందనీ అంటుంది. పెద్ద మెయిల్ కంపెనీలు రెండో మాటనే పట్టుకున్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ పెట్టిన నిబంధనల్లో, తమకు మెయిల్ పంపే ప్రతి సర్వర్‌కూ రెండు వైపులా కలిసే డీఎన్ఎస్ రికార్డులు ఉండాలన్నది ఒకటి. రోజుకు 5,000 పైగా మెయిల్స్ పంపేవాళ్లకు పెట్టిన అదనపు షరతులు వేరు. ఇది చిన్నా పెద్దా అందరికీ వర్తిస్తుంది. కాబట్టి స్టాండర్డ్‌లో అలా లేదు కదా అని ప్రొవైడర్ సపోర్ట్‌లో ఎవరైనా వాదించినా, ఆ వాదనతో మెయిల్ చేరదు.

ప్రొవైడర్‌ను అడిగే ముందు అసలు ఏమేం కలవాలో తేల్చుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చాలా అపోహలున్నాయి. పంపే డొమైన్, పీటీఆర్ పేరు ఒకటే కానక్కర్లేదు. ఒక సర్వర్ నుంచి 50 డొమైన్ల మెయిల్ వెళ్తున్నా ఆ సర్వర్‌కు ఒక పేరు, ఒక పీటీఆర్ చాలు. 50 డొమైన్లున్నాయి కదా అని ఒకే అడ్రస్‌కు 50 పీటీఆర్‌లు పెట్టించడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే. అవతలి సాఫ్ట్‌వేర్ వాటిలో ఏది తీసుకుంటుందో చెప్పలేం. ఎమ్మెక్స్ రికార్డుతోనూ దీనికి లంకె లేదు, అది మెయిల్ అందుకునే వైపు సంగతి. కలవాల్సినవి మూడే: పీటీఆర్‌లో ఉన్న పేరు, ఆ పేరుకు ఉన్న ‘ఏ’ రికార్డు, సర్వర్ పరిచయంలో చెప్పుకునే పేరు. ఇంకొకటి, మెయిల్ ఏ అడ్రస్ నుంచి బయటికి వెళ్తోందో చూసుకోవాలి. ఫైర్‌వాల్ వెనక ఉన్న సర్వర్లలో మెయిల్ లోపలికి ఒక అడ్రస్ మీద వచ్చి, బయటికి మరో అడ్రస్ మీద వెళ్లడం మామూలే. పీటీఆర్ ఉండాల్సింది బయటికి వెళ్లే దానికి.

తర్వాత డీఎన్ఎస్‌ను ప్రశ్నలు అడిగే ‘డిగ్’ కమాండ్‌తో ఐపీ ఇచ్చి అడిగితే ఇప్పుడు పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. ఇక్కడ వచ్చే జవాబును బట్టి ప్రొవైడర్‌ను అడగాల్సిన పని మారిపోతుంది. చాలామంది దీన్ని పట్టించుకోకుండా ‘రివర్స్ డీఎన్ఎస్ పనిచేయడం లేదు’ అని ఒక్క ముక్క రాసి పంపేస్తారు. దాంతో టికెట్ వారాల తరబడి చేతులు మారుతూ ఉంటుంది. జవాబులో ఎన్‌ఎక్స్‌డొమైన్ అని వస్తే జోన్ బాగానే ఉంది, రికార్డు మాత్రమే లేదని అర్థం. నెట్‌వర్క్ టీమ్‌లో ఎవరో ఒకరు ఒక్క లైను చేరిస్తే అయిపోతుంది. అంకెలు గుదిగుచ్చిన పేరేదో వస్తే ఉన్న లైను మార్చాలి. సర్వ్‌ఫెయిల్ వస్తే మాత్రం వ్యవహారం వేరు. ఈ జోన్‌కు ఫలానా నేమ్ సర్వర్లు జవాబు చెబుతాయని రిజిస్ట్రీలో రాసి ఉంది, కానీ అవి చెప్పడం లేదు. ప్రొవైడర్ పాత నేమ్ సర్వర్లు తీసేసి రిజిస్ట్రీలో మార్చడం మరిచిపోయినప్పుడు ఇలా జరుగుతుంది. అప్పుడు లైను చేర్చమని ఎన్నిసార్లు అడిగినా ఫలితం ఉండదు. చేర్చామని వాళ్లంటారు, కనిపించడం లేదని కస్టమర్ అంటాడు. ఇద్దరి మాటా నిజమే. సరిచేయాల్సింది రిజిస్ట్రీ దగ్గర ఉన్న డెలిగేషన్ (జోన్‌ను ఏ నేమ్ సర్వర్లకు అప్పగించారన్న రికార్డు), అది ప్రొవైడర్ లాగిన్‌తోనే జరగాలి.

అడ్రస్ బ్లాక్ ఎవరి పేరు మీద ఉందో హూయిజ్‌లో (రిజిస్ట్రీల బహిరంగ వివరాల సేవలో) చూసుకోవడం కూడా ఈ దశలోనే మంచిది. చిన్న ప్రొవైడర్లు పెద్ద కంపెనీల నుంచి బ్లాకులు లీజుకు తీసుకుని నడుపుతుంటారు. అలాంటప్పుడు రివర్స్ జోన్ ఆ పెద్ద కంపెనీ దగ్గరే ఉండిపోతుంది. బిల్లు కట్టించుకునేవాళ్లకు రికార్డు మార్చే వీలు ఉండదు, మార్చగలిగినవాళ్లకు ఈ కస్టమర్ ఎవరో తెలియదు. నేరుగా ఆ పెద్ద కంపెనీకి రాస్తే మా కస్టమర్ ద్వారా రండి అంటారు, అది సబబే. తన ప్రొవైడర్‌కే రాసి, జోన్ ఫలానా కంపెనీ నేమ్ సర్వర్లలో ఉందని వివరంగా చెప్పి, వాళ్ల చేత పైకి పంపించుకోవాలి.

ఇక ప్రొవైడర్లు ఎందుకు నానుస్తారంటే, చాలాచోట్ల కారణం దురుద్దేశం కాదు. కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తేవాళ్ల స్క్రీన్ మీద బిల్లు, స్పీడు, మోడెమ్ ఉంటాయి, రివర్స్ డీఎన్ఎస్ ఉండదు. వాళ్లకు డీఎన్ఎస్ అనగానే గుర్తొచ్చేది రౌటర్‌లో పెట్టుకునే నేమ్ సర్వర్ అడ్రస్, దాన్ని మార్చి చూడమంటారు. లేదంటే మీ డొమైన్ కంపెనీని అడగండి అంటారు. ఆ డొమైన్ కంపెనీ మీ ప్రొవైడర్‌ను అడగండి అంటుంది. ఈ ఇద్దరి మధ్య బంతాటలో నలిగిపోయి విసిగి వదిలేసినవాళ్లే ఎక్కువ. పని చేయగలిగే టీమ్ లోపల ఉంటుంది, దానికి ఫోన్ నంబరు ఉండదు. అందుకే టికెట్ ఆ లోపలి మనిషి కోసం రాయాలి. చదవగానే ఇంకో ప్రశ్న అడగకుండా పని ముగించేలా ఉండాలి. ఉదాహరణకు ఇలా:

‘మా కనెక్షన్‌కు మీరు కేటాయించిన స్టాటిక్ ఐపీ 203.0.113.25. దీని పీటీఆర్ రికార్డును మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అని మార్చగలరు. ప్రస్తుతం ఉన్న పీటీఆర్ తీసేసి ఇదొక్కటే ఉంచగలరు. ఈ పేరుకు ‘ఏ’ రికార్డు ఇప్పటికే ఇదే ఐపీని చూపిస్తోంది, సరిచూసుకోవచ్చు. ఇది మా రౌటర్‌లో గానీ మా డొమైన్ ప్యానెల్లో గానీ చేసే మార్పు కాదు, మీ రివర్స్ జోన్‌లో చేయాల్సింది. దయచేసి ఈ టికెట్‌ను డీఎన్ఎస్ చూసే టీమ్‌కు పంపగలరు.’

ఇందులో ప్రతి వాక్యం ఒక తిరుగుటపాను ఆపుతుంది. ‘ఏ’ రికార్డు ముందే పెట్టి ఉంచడం ముఖ్యం. కొందరు ప్రొవైడర్లు, క్లౌడ్ కంపెనీలు అది కలిస్తే తప్ప పీటీఆర్ పెట్టరు. అలా చెక్ చేయడం మంచి అలవాటే, లేకపోతే ఎవరు పడితే వాళ్లు పెద్ద కంపెనీల పేర్లు తమ అడ్రస్‌కు తగిలించుకుంటారు. జోన్ ఫైల్‌ను చేత్తో రాసే చోట ఇంకో చిన్న ప్రమాదం ఉంది. పేరు చివర చుక్క పెట్టడం మరిచిపోతే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ జోన్ పేరును దానికి తోక కట్టేస్తుంది. అప్పుడు పీటీఆర్ జవాబు మెయిల్.ఎగ్జాంపుల్.కామ్.113.0.203.ఇన్-యాడర్.ఆర్పా అని వస్తుంది. ఇలాంటి జవాబు కనిపిస్తే ‘చివర చుక్క పెట్టలేదు’ అని అదే టికెట్‌లో రాస్తే చాలు, చదివే ఇంజనీరుకు వెంటనే వెలుగుతుంది.

అడిగినా కుదరదనే సందర్భాలూ ఉన్నాయి. ఇంటి కనెక్షన్ మీద డైనమిక్ ఐపీ ఉంటే పీటీఆర్ అడగడమే అర్థం లేని పని, రేపు అదే అడ్రస్ ఇంకెవరికో వెళ్తుంది. 100.64.0.0 నుంచి 100.127.255.255 మధ్య అడ్రస్ వచ్చిందంటే అది ప్రొవైడర్ లోపలి వాడకానిది, బయటి ఐపీని చాలామంది కస్టమర్లు పంచుకుంటున్నారని అర్థం. అలాంటి కనెక్షన్లలో సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే పోర్ట్ 25ను కూడా తరచుగా మూసే ఉంచుతారు. పైగా ఇలాంటి రేంజ్‌లను ప్రొవైడర్లే స్పామ్‌ను అడ్డుకునే సంస్థ స్పామ్‌హౌస్ నడిపే పీబీఎల్ జాబితాలో చేర్పిస్తుంటారు. అదేమీ నేరస్థుల జాబితా కాదు. ఈ అడ్రస్‌ల నుంచి నేరుగా మెయిల్ రాకూడదన్న ప్రొవైడర్ పాలసీని లోకానికి చెప్పడం అంతే. బిజినెస్ ప్లాన్‌కు మారి స్టాటిక్ ఐపీ తీసుకుంటే పీటీఆర్ ఇస్తామనేవాళ్లు ఉన్నారు. స్టాటిక్ ఐపీకి డబ్బు తీసుకోవడం న్యాయమే. ఆ డబ్బూ తీసుకుని ఒక్క లైను రికార్డుకు మళ్లీ నెలనెలా చార్జీ వేయడం మాత్రం దబాయింపు కిందికే వస్తుంది. ప్లాన్ తీసుకునే ముందే పీటీఆర్ పెడతారా, ఎన్ని రోజుల్లో పెడతారు, ఐపీ మారితే మళ్లీ పెడతారా అని అడిగి మెయిల్‌లో రాయించుకోవడం మేలు.

నలుగురైదుగురు కస్టమర్లకు సర్వర్లు నడిపేవాళ్లు, చిన్న కంపెనీల ఐటీ వాళ్లు కొందరు రివర్స్ జోన్‌నే తమకు అప్పగించమంటారు. పూర్తి 256 అడ్రస్‌ల బ్లాక్ ఉంటే ఇది తేలిక. రివర్స్ పేరును చుక్కల దగ్గరే విడదీసి అప్పగించగలం, అంతకంటే చిన్న బ్లాక్‌లు చుక్క దగ్గర విరగవు. దానికి 1998లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2317 ఒక ఉపాయం చెప్పింది. 24 నుంచి 31 వరకు ఎనిమిది అడ్రస్‌లు ఒక కస్టమర్‌వి అనుకుంటే, ప్రొవైడర్ ఆ ఎనిమిదింటికీ సీనేమ్ రికార్డులు (ఒక పేరును ఇంకో పేరుకు మళ్లించేవి) పెట్టి కస్టమర్ నడిపే చిన్న జోన్‌కు దారి మళ్లిస్తాడు. ఆ తర్వాత కస్టమర్ తన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. వినడానికి బాగుంటుంది కానీ, ఒకటి రెండు మెయిల్ సర్వర్ల కోసం దీని జోలికి పోకపోవడమే మంచిది. అది తెలిసిన ఇంజనీరు దొరకాలి, రెండు వైపులా నేమ్ సర్వర్లు బతికి ఉండాలి, ఒకటి పడితే మెయిల్ అంతా ఆగుతుంది. నేరుగా ఒక పీటీఆర్ పెట్టించుకుంటే ఏళ్ల తరబడి దాని మొహం చూడక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది ఐపీవీ4 అడ్రస్‌ల సంగతి. కొత్త తరం పొడవాటి అడ్రస్‌లైన ఐపీవీ6 దగ్గర కథ కాస్త తిరగబడుతుంది. అక్కడ అడ్రస్‌లోని 32 హెక్స్ అంకెలనూ ఒక్కొక్కటిగా తిరగేసి ఐపీ6.ఆర్పా కింద పెడతారు. కస్టమర్లకు సాధారణంగా ఇచ్చే 48 లేదా 56 బిట్ల బ్లాకులు సరిగ్గా అంకె దగ్గరే విరుగుతాయి కాబట్టి జోన్ అప్పగించడం ఐపీవీ4 కంటే శుభ్రంగా జరుగుతుంది. ఒక్క సబ్‌నెట్‌లోనే 2 ఘాతం 64 అడ్రస్‌లుంటాయి, వాటన్నిటికీ ముందుగానే పేర్లు రాసి ఉంచడం ఏ ప్రొవైడర్ వల్లా కాదు. అందుకని అడగని అడ్రస్‌కు పీటీఆర్ ఉండదు. సర్వర్‌కు ఐపీవీ6 దానంతటదే వచ్చి చేరిన చోట అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. ఐపీవీ4కు అన్నీ సరిగ్గా పెట్టి ఉంటారు, టెస్టులన్నీ పాసవుతాయి, జీమెయిల్‌కు మాత్రం మెయిల్ ఐపీవీ6 మీద వెళ్లి తిరిగొస్తుంది. ఐపీవీ6 విషయంలో జీమెయిల్ ముందు నుంచీ కచ్చితంగానే ఉంది. బౌన్స్‌లో ఏ అడ్రస్ ఉందో ఒకసారి చూస్తే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. ప్రొవైడర్ ఐపీవీ6 పీటీఆర్ ఇవ్వలేకపోతే మెయిల్ సాఫ్ట్‌వేర్‌ను ఐపీవీ4కే పరిమితం చేయడంలో తప్పేమీ లేదు. ఇచ్చే పక్షంలో సర్వర్‌కు మారని ఒకే అడ్రస్ పెట్టుకుని, మెయిల్ దాని మీదే వెళ్లేలా చూసుకోవాలి.

ప్రొవైడర్ ఎంతకీ కదలకపోతే మెయిల్‌ను రిలే సర్వీసు (మన మెయిల్‌ను తన సర్వర్ల నుంచి ముందుకు పంపే సేవ) ద్వారా పంపించుకోవచ్చు. లేదా పీటీఆర్‌ను ప్యానెల్లోనే మార్చుకోనిచ్చే చోట ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని, బయటికి వెళ్లే మెయిల్‌ను దాని మీదుగా తిప్పొచ్చు. అప్పుడు కస్టమర్ దగ్గరి ఐపీకి పీటీఆర్ లేకపోయినా పర్వాలేదు. అవతలి సర్వర్ చూసేది తనను తాకిన చివరి అడ్రస్‌నే.

రికార్డు పెట్టామని ప్రొవైడర్ చెప్పగానే కనిపించలేదని వెంటనే గొడవకు దిగనక్కర్లేదు. పాత పేరు దాని టీటీఎల్ (జవాబును దాచి ఉంచుకోదగ్గ గడువు) అయ్యేదాకా, అంటే ఒక్కోసారి 24 గంటల దాకా, ఇతరుల క్యాష్‌లో ఉండిపోతుంది. ‘లేదు’ అన్న జవాబు కూడా అలాగే కొంతసేపు నిలుస్తుంది. క్యాష్‌తో పని లేకుండా నేరుగా ప్రొవైడర్ నేమ్ సర్వర్‌నే డిగ్‌తో అడిగితే మార్పు నిజంగా జరిగిందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. వాళ్ల నేమ్ సర్వర్లు రెండో మూడో ఉంటే ఒక్కొక్క దాన్నీ విడిగా అడగాలి. ఒకదాంట్లో కొత్త పేరు, ఇంకోదాంట్లో పాత పేరు ఉంటే కొన్ని మెయిల్స్ వెళ్తాయి, కొన్ని తిరిగొస్తాయి. అప్పుడు అదే టికెట్‌ను మళ్లీ తెరిపించి, ఏ నేమ్ సర్వర్ ఏమని జవాబిస్తోందో రెండు లైన్లలో రాసి పంపాలి.